బహుళ ఆహార అలర్జీల రక్త పరీక్షలు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం

ఒకటికి మించిన ఆహార పదార్థాల వల్ల అలర్జీ వస్తోందని అనుమానం కలిగినప్పుడు, ఆయా పదార్థాలకు ప్రత్యేకమైన ఐజీఈ ప్రతిరక్షకాలు రోగి రక్తంలో ఉన్నాయా, ఉంటే ఏ మోతాదులో ఉన్నాయి అని కొలిచే ప్రయోగశాల పరీక్షలను బహుళ ఆహార అలర్జీ రక్త పరీక్షలు అంటారు. ల్యాబ్ రసీదుల మీద ఇవి ‘స్పెసిఫిక్ ఐజీఈ’, ‘ఫుడ్ అలర్జీ పానెల్’ అనే పేర్లతో కనిపిస్తాయి. జనం వాడుకలో మాత్రం అంతా ‘అలర్జీ టెస్టే’.

ఈ వ్యాసం పరిధి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనలో మొదటిది ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, రెండోది ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయాయి. పరీక్ష ఎక్కడైనా ఒకటే. కానీ పళ్లెంలో ఉండే తిండి, పొలంలో ఎగిరే పుప్పొడి, కడుపులో ఉండే నులిపురుగులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఫలితానికి అర్థం చెప్పేటప్పుడు వీటన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి.

నిర్వచనం, పదజాలం

రోగనిరోధక వ్యవస్థ ఒక ఆహారంలోని ప్రోటీన్‌ను శత్రువుగా పొరబడి దానికి ఐజీఈ తరగతి ప్రతిరక్షకాలను తయారుచేయడాన్ని సున్నితీకరణ అంటారు. ఈ ప్రతిరక్షకాలు చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. అదే ప్రోటీన్ మళ్లీ వచ్చి తగిలితే కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను కుమ్మరిస్తాయి. నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం రావచ్చు. తీవ్రమైతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఈ చివరి స్థితి పేరు అనాఫిలాక్సిస్. సున్నితీకరణ ఉండి, తిన్నప్పుడు లక్షణాలు కూడా వస్తేనే దాన్ని ఆహార అలర్జీ అనాలి. సున్నితీకరణ ఒక్కటే ఉండి, తిన్నా ఏమీ కాకపోతే అది అలర్జీ కాదు. రక్త పరీక్ష చూపించేది మొదటి సగాన్ని మాత్రమే.

ఉత్తర తెలంగాణ వాడుకలో ‘పడదు’ అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. పల్లీలు తిన్న పావుగంటకు ఒళ్లంతా దద్దుర్లు లేచినా ‘పడదు’, పాలు తాగితే కడుపు ఉబ్బినా ‘పడదు’, వంకాయ తింటే దురద పెట్టినా ‘పడదు’. మందు వాడేటప్పుడు పత్యంగా మానేసినదీ ‘పడదు’ లెక్కలోకే వస్తుంది. వీటిలో మొదటిది ఐజీఈ అలర్జీ కావచ్చు. రెండోది ఎక్కువసార్లు లాక్టోజ్ అనే పాల చక్కెర అరగకపోవడం. భారతీయులపై 1981లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తరాది వారిలో 27.4 శాతానికి, దక్షిణాది వారిలో 66.6 శాతానికి ఈ లోపం కనిపించింది. ఐజీఈ పరీక్షలో ఇది బయటపడదు, పడాల్సిన అవసరమూ లేదు. మూడోది రెండు రకాలుగానూ ఉండవచ్చు. వంకాయలో సహజంగానే హిస్టమిన్ ఉంటుంది కనుక అలర్జీ లేని వారికీ దురద రావచ్చు. మైసూరులో 741 మందిని పరీక్షించి 2008లో ప్రకటించిన అధ్యయనంలో వంకాయ పట్ల సున్నితత్వం 9.2 శాతానికి ఉండగా, ఐజీఈ వల్ల కలిగే అసలు అలర్జీ 0.8 శాతం దగ్గరే ఆగింది. అందుకే ‘పడదు’ అన్న మాట విన్న వైద్యుడు రక్తం తీయించే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి వచ్చింది, మళ్లీ తిన్నప్పుడు మళ్లీ వచ్చిందా?

చరిత్ర

‘అలర్జీ’ అనే పదాన్ని వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ప్రవేశపెట్టాడు. 1921లో కార్ల్ ప్రౌస్నిట్స్, హైన్స్ క్యూస్ట్‌నర్ చేసిన ప్రయోగం ఈ పరీక్షలన్నిటికీ మూలం. క్యూస్ట్‌నర్‌కు చేప పడదు. అతని రక్తరసిని ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకోగా అక్కడ దద్దు లేచింది. అలర్జీని మోసే వస్తువేదో రక్తంలోనే ఉందని దాంతో తేలింది. ఆ వస్తువు ఏమిటో తెలియడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966–67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా దాన్ని గుర్తించారు. 1968లో దానికి ఐజీఈ అనే పేరు ఖాయమైంది.

రక్తంలో ఒక్కో పదార్థానికి వేరుగా ఐజీఈ కొలిచే మొదటి పరీక్ష ‘రాస్ట్’ 1967లో వచ్చింది. అందులో గుర్తుగా రేడియోధార్మిక అయోడిన్ వాడేవారు. 1974లో అది మార్కెట్లోకి చేరింది. 1989లో వచ్చిన ‘ఇమ్యునోక్యాప్’ పద్ధతి రేడియోధార్మికతను వదిలి వెలుగును కొలిచే విధానానికి మారింది. రాస్ట్ అనే పేరు మాత్రం పాత వైద్యుల చీటీల మీద ఇంకా బతికే ఉంది. ఆ పరీక్ష చేసే ల్యాబ్ ఇప్పుడు దాదాపుగా ఎక్కడా లేదు.

నమూనా సేకరణ, రవాణా

పరగడుపున రావలసిన పని లేదు. దురద మాత్రలు ఆపాల్సిన పనీ లేదు. అనుమానిత పదార్థాన్ని చర్మంలో గుచ్చి చూసే చర్మ సూది పరీక్షకూ దీనికీ ఉన్న తేడాల్లో రోగికి నేరుగా ఉపయోగపడేది ఇదే. చర్మ పరీక్షకైతే యాంటీహిస్టమిన్ మాత్రలు సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు ఆపాలి. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు, మాత్ర మానలేని వారికి, తీవ్రమైన అనాఫిలాక్సిస్ వచ్చి వెళ్లిన వారికి రక్త పరీక్షే వీలుగా ఉంటుంది.

చేతి నరం నుంచి తీసిన మూడు నాలుగు మిల్లీలీటర్ల రక్తాన్ని ఎర్ర మూత లేదా పసుపు మూత గొట్టంలో పోస్తారు. అరగంట కదిలించకుండా ఉంచితే రక్తం గడ్డకడుతుంది. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ముదురు ఎరుపు గడ్డ, జెల్ ఉన్న గొట్టమైతే మధ్యలో జెల్ పొర, పైన లేత గడ్డిరంగు రక్తరసి తేరుతాయి. పరీక్షకు కావలసింది ఆ పై నీరే. ఇమ్యునోక్యాప్‌లో ఒక్కో ఆహారానికి 40 మైక్రోలీటర్లు చాలు. అంటే ఒక చుక్క కంటే తక్కువ.

జిల్లా కేంద్రంలోని కలెక్షన్ సెంటర్ పని సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. రక్తరసి ఐస్ ప్యాకుల పెట్టెలో కొరియర్ బండిలోనో బస్సు కార్గోలోనో హైదరాబాద్‌కు చేరుతుంది. కరీంనగర్ నుంచి అది సుమారు 165 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి సుమారు 300. ప్రయాణం వల్ల ఫలితం చెడిపోతుందేమోనన్న భయం తరచుగా వినిపిస్తుంది. ఐజీఈ గట్టి ప్రోటీన్. గడ్డ నుంచి వేరుచేసిన రక్తరసి 2–8 డిగ్రీల దగ్గర వారం రోజులు నిలుస్తుంది. ఈ పరీక్షలో పొరపాట్లకు దారి హైవే మీద కంటే పరీక్ష రాసే చోట, రిపోర్టు చదివే చోట ఎక్కువ.

పరీక్షా పద్ధతులు

ఫ్లోరోఎంజైమ్ పద్ధతిలో (ఇమ్యునోక్యాప్) వేలి గోరంత ప్లాస్టిక్ గిన్నెలో సెల్యులోజ్ స్పాంజి ఉంటుంది. ఆ స్పాంజికి పాల ప్రోటీనో పల్లి ప్రోటీనో ముందే అతికించి ఉంటారు. రోగి రక్తరసి పోస్తే, దానికి సంబంధించిన ఐజీఈ ఉన్నట్లయితే అతుక్కుంటుంది. కడిగి, ఐజీఈని పట్టుకునే మరో ప్రతిరక్షకాన్ని బీటా-గెలాక్టోసిడేజ్ ఎంజైమ్‌తో కలిపి పోస్తారు. మళ్లీ కడిగి, ఆ ఎంజైమ్ తాకితే వెలుగునిచ్చే పదార్థం వేస్తారు. వెలుగు ఎంత ఎక్కువైతే ఐజీఈ అంత ఎక్కువ. ఫలితం లీటరుకు కిలోయూనిట్లలో వస్తుంది. కెమిల్యూమినిసెన్స్ యంత్రాలదీ ఇదే సూత్రం, వెలుగు పుట్టించే రసాయనం వేరు.

ఇమ్యునోబ్లాట్ పద్ధతిలో ఒక సన్నని పట్టీ మీద 20 నుంచి 30కి పైగా ఆహారాలు గీతలుగా ఉంటాయి. ఐజీఈ ఉన్న గీత రంగు తేలుతుంది. స్కానర్ ఆ రంగు గాఢతను తరగతిగా మారుస్తుంది (తరగతుల వివరం ‘ఫలితాన్ని చదవడం’ భాగంలో ఉంది). ఒకే పట్టీలో ఎక్కువ ఆహారాలు, తక్కువ ఖర్చు దీని ఆకర్షణ. అంకె కచ్చితత్వం మాత్రం తక్కువ. ఈ పట్టీ చెప్పిన ‘తరగతి 3’నూ ఇమ్యునోక్యాప్ చెప్పిన ‘తరగతి 3’నూ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. ఒక ల్యాబ్‌లో ఈ ఏడాది, ఇంకో ల్యాబ్‌లో వచ్చే ఏడాది చేయించి ‘తగ్గింది’, ‘పెరిగింది’ అనుకోవడమూ అంతే.

మైక్రోఅరే చిప్‌లు మూడో రకం. ‘ఐసాక్’ చిప్ 30 మైక్రోలీటర్ల రక్తరసితో 112 అలర్జీ ప్రోటీన్లను ఒకేసారి చూస్తుంది. వియన్నాలో తయారయ్యే ‘అలెక్స్’ దాదాపు 300 సారాలను, ప్రోటీన్లను చూస్తుంది.

పైవాటిలో చాలావరకు మొత్తం ఆహార సారంతో చేసేవి. కాంపొనెంట్ పరీక్ష అనేది ఆ సారంలోని ఒక్కొక్క ప్రోటీన్‌ను విడిగా చూస్తుంది. పల్లీలోని ‘అరా హెచ్ 2’కు ఐజీఈ ఉంటే అసలైన, తీవ్రమయ్యే అలర్జీకి అవకాశం ఎక్కువ. ‘అరా హెచ్ 8’కు మాత్రమే ఉంటే అది పుప్పొడి అలర్జీ నీడ కావచ్చు. గుడ్డులోని ఓవోమ్యూకాయిడ్ వేడికి చెడదు. దానికి ఐజీఈ ఎక్కువగా ఉన్న బిడ్డకు ఉడికిన గుడ్డు కూడా ఇబ్బందే. అది లేని పిల్లల్లో చాలామంది కేకులో, బిస్కెట్లో బాగా కాలిన గుడ్డును తట్టుకుంటారు.

పానెల్, పళ్లెం

విస్తృతంగా వాడే ‘ఎఫ్‌ఎక్స్5’ అనే పిల్లల ఆహార మిశ్రమంలో ఆరు పదార్థాలుంటాయి: గుడ్డు తెల్లసొన, ఆవుపాలు, గోధుమ, పల్లి, సోయా, చేప. ఆ చేప కాడ్, ఉత్తర అట్లాంటిక్ సముద్రానిది. పెద్ద పానెళ్లలో హేజెల్‌నట్, సెలరీ, కివీ, సాల్మన్ కనిపిస్తాయి. ఇవి యూరప్ వంటింటి లెక్క ప్రకారం కట్టిన జాబితాలు. మెట్‌పల్లిలో, ఉట్నూరులో, చెన్నూరులో రోజూ తినేదాంతో వీటిని ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

నువ్వులు ఈ ప్రాంతంలో ముందు వరుసలో ఆలోచించాల్సిన పదార్థం. జగిత్యాల ప్రాంతంలో నువ్వు ముఖ్యమైన వేసవి పంట, పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం కొత్త నువ్వు వంగడాలను విడుదల చేసింది. సంక్రాంతికి సకినాల పిండిలో వాముతో పాటు నువ్వులు పడతాయి. పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి కలుపుతారు. గిన్నప్పలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు మూడూ ఉంటాయి. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సత్తు, పల్లి సత్తు పక్కపక్క గిన్నెల్లోంచి ఒకే చెంచాతో చేతుల్లోకి పంచుతారు. ఆ రాత్రి దద్దుర్లతో వచ్చిన బిడ్డకు ఏది పడలేదో కథను బట్టి చెప్పడం కష్టం. రెండింటికీ విడివిడిగా పరీక్ష చేయించడానికి ఇది సరైన సందర్భం. అయితే నువ్వుల పరీక్షకు ఒక లోపముంది. నూనె బిందువుల చుట్టూ ఉండే ఓలియోసిన్ ప్రోటీన్లు నీటిలో కరగవు. నీటితో తీసిన సారంలో అవి సరిగా రావు. అందువల్ల నువ్వులు తిని తీవ్రంగా ఇబ్బంది పడినవారికి కూడా నువ్వుల ఐజీఈ ‘లేదు’ అని రావచ్చు. కథ గట్టిగా ఉండి పరీక్ష వట్టిపోయినప్పుడు కథనే నమ్మాలి.

చేపల విషయం వేరు. మృగశిర కార్తె ప్రవేశించే రోజున, అంటే జూన్ 8 ప్రాంతంలో, తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ. లోయర్ మానేరు, ఎల్లంపల్లి, కడెం జలాశయాల నుంచి వచ్చే రవ్వ, బొచ్చె మంచినీటి చేపలు, కార్ప్ జాతివి. కొర్రమట్ట వేరే కుటుంబం. చేపల ప్రధాన అలర్జీ ప్రోటీన్ పార్వాల్బ్యుమిన్ చాలా జాతుల్లో పోలికగా ఉంటుంది గనుక కాడ్ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది. కార్ప్ పార్వాల్బ్యుమిన్‌ను నేరుగా చూసే ‘సిప్ సి 1’ పరీక్ష ఇక్కడి తిండికి మరింత దగ్గర. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐసు సరిగా లేక ఎండలో గంటలకొద్దీ ఉన్న చేపల్లో, ముఖ్యంగా ట్యూనా, కానాగంత వంటి సముద్రపు చేపల్లో, బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్ పెరుగుతుంది. తిన్నవారికి ముఖం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. అది చూడటానికి అలర్జీలాగే ఉంటుంది కానీ విషాహారం. ఒకే కూర తిన్న నలుగురికీ వస్తే రక్త పరీక్ష అవసరం లేదు.

శనగ, కంది, పెసర, మినుము ఒకే కాయధాన్యాల కుటుంబం. పల్లి, సోయా కూడా అందులోవే. ఒకదానికి ఐజీఈ ఉన్నవారికి మిగతావాటికీ అంకెలు రావడం మామూలు. తిన్నప్పుడు నిజంగా ఒకటికి మించి కాయధాన్యాలకు లక్షణాలు రావడం అంత మామూలు కాదు. పరీక్షలో ఐదు పప్పులు వచ్చాయని ఐదూ మాన్పిస్తే తెలంగాణ పిల్లవాడి కంచంలో అన్నం తప్ప ఏం మిగలదు. సోయా ఆదిలాబాద్, నిర్మల్ పొలాల్లో పత్తి తర్వాత బాగా కనిపించే పంట అయినా, ఇళ్లలోకి ఎక్కువగా మీల్ మేకర్ రూపంలో, ప్యాకెట్ తిండిలో పొడి రూపంలో వస్తుంది. జొన్న సాధారణ పానెళ్లలో అరుదు. మక్క ఉంటుంది. గోండు, కోలాం గూడేల్లో తినే ఇప్పపువ్వు, ఇప్ప లడ్డూలకు మామూలు పానెళ్లలో పరీక్షే లేదు. పానెల్‌లో లేని ఆహారాన్ని చర్మ సూది పరీక్షలో నేరుగా వాడవచ్చు. సూదిని ముందు ఆ పదార్థంలో గుచ్చి, తర్వాత చర్మం మీద గుచ్చుతారు.

అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. దాన్ని తిన్న బిడ్డకు దద్దుర్లు వస్తే అనుమానితులు మూడే: గోధుమ, శనగ, పాలు. 40 ఆహారాల పానెల్ కంటే ఈ మూడింటి విడి పరీక్ష చవక, అర్థమూ ఎక్కువ. గేదెపాలు ఆవుపాలకు ప్రత్యామ్నాయం కావు. మేకపాలూ అంతే. వాటి ప్రోటీన్లు ఎంతో దగ్గరివి కనుక ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో అత్యధికులకు అవీ సరిపడవు.

ఫలితాన్ని చదవడం

అంకెలను తరగతులుగా విభజించే పద్ధతి రాస్ట్ కాలం నాటిది. లీటరుకు 0.35 కిలోయూనిట్ల కంటే తక్కువైతే తరగతి 0. 0.35–0.7 తరగతి 1, 0.7–3.5 తరగతి 2, 3.5–17.5 తరగతి 3, 17.5–50 తరగతి 4, 50–100 తరగతి 5, ఆపైన తరగతి 6. నేటి యంత్రాలు 0.1 దాకా కొలవగలవు. తరగతి అంటే రాబోయే లక్షణాల తీవ్రత అనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. అంకె పెరిగేకొద్దీ అలర్జీ నిజంగా ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. తరగతి 2తో అనాఫిలాక్సిస్ వచ్చినవారున్నారు, తరగతి 4తో హాయిగా తినేవారూ ఉన్నారు.

కొన్ని ఆహారాలకు ‘ఈ అంకె దాటితే 95 శాతం అలర్జీయే’ అనే హద్దులను హ్యూ శాంప్సన్ 2001లో అమెరికా పిల్లలపై పరిశోధించి ఇచ్చాడు: గుడ్డు 7, పాలు 15, పల్లి 14, చేప 20. రెండేళ్ల లోపు పిల్లలకు పాలకు 5, గుడ్డుకు 2 అనే హద్దులు వాడుకలో ఉన్నాయి. ఇవి అప్పటికే అలర్జీ అనుమానంతో పెద్దాసుపత్రికి వచ్చిన పిల్లల లెక్కలు. కోరుట్లలో ఊరికే పానెల్ చేయించుకున్న పిల్లవాడికి యథాతథంగా వర్తించవు.

పానెల్ పెరిగినకొద్దీ తప్పుడు పాజిటివ్‌లు ఎలా పెరుగుతాయో మామూలు లెక్కతో చూడవచ్చు. ఒక్కో ఆహారానికి తప్పుగా ‘ఉంది’ అనే అవకాశం 5 శాతమే అనుకుందాం. ఏ అలర్జీ లేని మనిషికి 30 ఆహారాల పరీక్ష చేస్తే కనీసం ఒక్కటైనా తప్పుగా పాజిటివ్ వచ్చే అవకాశం సుమారు 79 శాతం. నిజంలో ఈ పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక అంకె అంతే ఉండదు. దిశ మాత్రం అదే. కర్ణాటకలో 20–54 ఏళ్ల వారిపై జరిగి 2016లో వెలువడిన యూరోప్రివాల్ అధ్యయనం ఈ తేడాను దక్షిణ భారతంలోనే చూపింది. ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు 26.5 శాతం. లక్షణాలతో సహా సంభావ్య అలర్జీ ఉన్నవారు 1.2 శాతం. అంటే రక్తంలో పాజిటివ్ ఉన్న 22 మందిలో సుమారు ఒకరికే అసలు జబ్బు. అదే పరిశోధన పిల్లల భాగంలో భారత్‌లో సంభావ్య ఆహార అలర్జీ 0.14 శాతమే.

నమూనాకు ఒక కల్పిత రిపోర్టు తీసుకుందాం. నాలుగేళ్ల పాప. పల్లి 22.4, శనగ 1.9, కంది 0.8, గోధుమ 1.2, పాలు 0.42, రొయ్య 2.6, మొత్తం ఐజీఈ 1,240. యంత్రం ఆరు గీతల పక్కనా ఎర్ర నక్షత్రం వేసింది. పాప రోజూ పొద్దున పాలు తాగుతుంది, రాత్రి చపాతీ తింటుంది, ఏమీ కాదు. పాలు, గోధుమ కొట్టివేయాలి. పప్పు రోజూ తింటుంది, గుడికెళ్తే బూందీ తింటుంది. శనగ, కంది పోయాయి. పల్లిపట్టి తిన్న పది నిమిషాలకు పెదవి వాచి వాంతి అయింది, అదీ రెండుసార్లు. అంకె 14 దాటింది. పల్లి అలర్జీ నిర్ధారణే. రొయ్య ఎప్పుడూ తినలేదు. ఆ 2.6 ఎక్కడిదో తర్వాతి భాగంలో చూడండి. ఆరు నక్షత్రాల రిపోర్టు ఒక్క పల్లీకి, ఒక ప్రశ్నార్థకానికి కుదించుకుపోయింది. ఈ కుదింపే వైద్యుడి పని. వాట్సాప్‌లో నేరుగా రోగికి వచ్చే పీడీఎఫ్ ఆ పని చేయదు.

తప్పుదారి పట్టించే కారణాలు

రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్ ఇంటి ధూళిలోని డస్ట్ మైట్‌లో, బొద్దింకలో, కొన్ని నులిపురుగుల్లో దగ్గరి పోలికతో ఉంటుంది. పరుపు దుమ్ముకు తుమ్మేవారికి, రొయ్య ముట్టని వారికి కూడా రొయ్య పాజిటివ్ రావడానికి ఇదే కారణం. గడ్డి జాతి పుప్పొడి అలర్జీ ఉన్నవారికి గోధుమ పరీక్ష తరచూ పాజిటివ్ అవుతుంది. గోధుమ, మక్క, జొన్న అన్నీ గడ్డి కుటుంబమే.

మొక్కల, కీటకాల ప్రోటీన్లకు తగిలి ఉండే కొన్ని చక్కెర గొలుసులకూ ఐజీఈ తయారవుతుంది. వీటిని సీసీడీ అంటారు. ఇది ఉన్న రోగికి పల్లి, సోయా, గోధుమ, టమాటా, పండ్లు అన్నీ చిన్న చిన్న అంకెలతో పాజిటివ్ అవుతాయి. తింటే సాధారణంగా ఏమీ కాదు. రిపోర్టులో సగం ఆహారాలు తరగతి 1, 2లో ఉంటే ముందు సీసీడీని అనుమానించి, దాన్ని గుర్తించే పరీక్ష అడగాలి.

నులిపురుగులు ఉన్నవారిలో మొత్తం ఐజీఈ వందల్లో, వేలల్లో ఉండవచ్చు. అది ఆహార అలర్జీకి రుజువు కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లోనూ అంతే.

దీనికి విరుద్ధంగా, అలర్జీ ఉన్నా కొన్నిసార్లే బయటపడే స్థితులున్నాయి. గోధుమలోని ఒమేగా-5 గ్లయాడిన్‌కు ఐజీఈ ఉన్నవారు రొట్టె తిని కూర్చుంటే ఏమీ కాదు. తిని గంటలోపు పొలంలో ఒళ్లు వంచి పని చేస్తే కుప్పకూలవచ్చు. శ్రమతో పాటు మద్యం, నొప్పి మాత్రలు కూడా ఇలా తోడ్పడే కారణాలు. కల్లు తాగిన రోజునే ఎందుకు వచ్చిందని అడగడం ఈ ప్రాంతంలో మంచి ప్రశ్న. మొత్తం గోధుమ సారంతో చేసిన పరీక్షలో ఇది తప్పిపోవచ్చు, ఒమేగా-5 గ్లయాడిన్ విడి పరీక్షలో దొరుకుతుంది.

ఐజీజీ పరీక్షలు

‘ఫుడ్ ఇన్‌టాలరెన్స్’ పేరుతో వంద, రెండు వందల ఆహారాలకు ఐజీఈకి బదులు ఐజీజీ లేదా ఐజీజీ4 అనే వేరే తరగతి ప్రతిరక్షకాలను కొలిచే పానెళ్లు అమ్మకంలో ఉన్నాయి. ఐజీజీ4 ఉండటం ఆ ఆహారాన్ని శరీరం ఎరుగునని, చాలాసార్లు దానికి అలవాటు పడిందని చెప్తుంది. రోజూ తినేవే ఎక్కువగా పాజిటివ్ అవుతాయి. యూరప్ అలర్జీ వైద్యుల సంఘం 2008లో, కెనడా సంఘం 2012లో వీటిని ఆహార అలర్జీ నిర్ధారణకు వాడవద్దని స్పష్టంగా చెప్పాయి.

ఇతర పరీక్షలతో సంబంధం

చివరి తీర్పు ఆహార సవాలు పరీక్షది. ఆసుపత్రిలో, అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకుని, అనుమానిత ఆహారాన్ని చిటికెడు నుంచి మొదలుపెట్టి పెంచుతూ తినిపిస్తారు. రోగికీ వైద్యుడికీ కూడా ఏది పెడుతున్నారో తెలియకుండా చేసే రకం పరిశోధనల్లో ప్రామాణికం. రక్త పరీక్ష లాభాల్లో ఒకటి ఎవరికి ఈ సవాలు సురక్షితమో, ఎవరికి కాదో ముందుగా అంచనా వేయడం. బేసోఫిల్ యాక్టివేషన్ పరీక్ష రోగి రక్తంలోని సజీవ కణాల మీద చేస్తారు. నమూనా తాజాగా ఉండాలి కనుక దూరం నుంచి పంపే పద్ధతికి అది అంతగా కుదరదు. గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధికి ఐజీఈ పరీక్ష కాదు, టీటీజీ-ఐజీఏ చేయించాలి.

ప్రాంతంలోని వైద్య వ్యవస్థ

ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో మొదలైంది. కరీంనగర్‌లో చల్మెడ ఆనందరావు, ప్రతిమ వైద్య కళాశాలలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాలలు జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో 2023లో ప్రారంభమయ్యాయి. ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాలకు, 57 రకాల పరీక్షలతో విస్తరించింది. అలర్జీ అనుమానంతో వచ్చేవారు సాధారణంగా ముందు చర్మ, పిల్లల, చెవి-ముక్కు-గొంతు వైద్యుల దగ్గరికి వెళ్తారు. ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఐఎస్‌ఓ 15189 ప్రకారం ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా, ఉంటే స్పెసిఫిక్ ఐజీఈ ఆ గుర్తింపు జాబితాలో ఉందా, పరీక్ష ఏ పద్ధతిలో చేస్తారు అనే మూడు విషయాలు అడగవచ్చు.

నిర్ధారణ తర్వాత

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ల మీద గ్లూటెన్ ధాన్యాలు, రొయ్య-పీత జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లి, నట్స్, సోయా, నిర్ణీత మోతాదు దాటిన సల్ఫైట్లు ప్రకటించాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల ప్రకటన తప్పనిసరి. నువ్వుల అలర్జీ నిర్ధారణ అయినవారు ఇక్కడ లేబుల్‌పై హెచ్చరిక వెతక్కుండా పదార్థాల జాబితా మొత్తం చదవాలి. విడిగా అమ్మే సకినాలకు, పల్లిపట్టికి లేబులే ఉండదు.

అనాఫిలాక్సిస్‌కు మందు అడ్రినలిన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాము, తొడ కండరంలోకి ఇవ్వాలి. దురద మాత్ర, స్టెరాయిడ్ సూది దాని స్థానంలో పనికిరావు. విదేశాల్లో రోగులు జేబులో పెట్టుకు తిరిగే ఆటో ఇంజెక్టర్లు ఇక్కడి మందుల షాపుల్లో సులభంగా దొరకవు. అందుకే ఆంప్యూల్, సిరంజి దగ్గర పెట్టుకుని వాడటం కొందరు వైద్యులు కుటుంబాలకు నేర్పుతారు.

పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ పోతాయి. పల్లి, చేప అలర్జీలు పోవడం తక్కువ. అందుకని పాలు, గుడ్డుకు సాధారణంగా ఏడాదికోసారి, అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో మళ్లీ పరీక్షించి, అంకె తగ్గుతూ వస్తే ఆసుపత్రిలో సవాలు పరీక్షకు తేదీ ఇస్తారు.